హరెగ్ కోసం వేసిన డేరా

టికిమ్త్ 26

ఇవాళ మా సందులో తలుపులన్నిటికీ ఎర్ర గుర్తు పెట్టి పోయారు. రంగు డబ్బా పట్టుకొచ్చినవాడితో కెదిజా పోట్లాటకి దిగింది. ఇల్లు కూలుస్తున్నందుకు కాదు, తన నీలం తలుపు మీద ఎర్ర రంగు నప్పలేదని. వాడు నవ్వాడు, మేమూ నవ్వాం. వాడు సందు మలుపు తిరిగాక మాత్రం ఎవరమూ నవ్వలేదు.

నేను నోటితో చెబితే కెదిజా వింటుంది, కెదిజా వింటే సందంతా వింటుంది. అందుకే రాస్తున్నాను. ఇది ఎవరూ చదవాల్సింది కాదు.

మా షెక్లా సెఫెర్ పేట మధ్యలోంచి పెద్ద రోడ్డు పోతుందట. దస్త్రంలో పేరున్న కుటుంబాలకి ఊరి చివర కొత్త మేడల్లో తలా ఒక గది ఇస్తారు. చీటీ తీస్తారు, ఎవరికెక్కడ పడితే అక్కడ. నాకూ, కూతురికీ, అల్లుడికీ, పిల్లలకీ కలిపి ఒక్క గది. పైకప్పు కారదంటున్నారు, అదే వరమనుకోవాలి.

మా పక్కింటి దెబ్రితుకి ఏమీ లేదు. ఆమె ఉండే గది ఇంటి ముసలాయన పేరు మీద ఉండేది, ఆయన నిరుడు పోయాడు. దెబ్రితు అద్దెకి వచ్చిన మనిషి, దస్త్రంలో లేదు. మేడ పనిలో సిమెంటు తట్ట మోస్తూ సారవ మీంచి పడ్డప్పుడు కూడా ఏ దస్త్రంలోనూ లేదు. నడుము కింద చచ్చుబడి మంచాన ఉంది. పొద్దున నేను కడుగుతాను, మధ్యాహ్నం కెదిజా తినిపిస్తుంది, మిగతా ఆడవాళ్ళు వంతులేసుకుని పక్కకి తిప్పుతారు. తిప్పకపోతే పుళ్ళు పడతాయి. సందు చెదిరిపోతే ఎవరు తిప్పుతారు?

ఆ సంగతి సందులో ఇంకా ఎవరూ పైకి అనలేదు. అందరూ గిన్నెలు ఎలా సర్దాలన్న దాని గురించే మాట్లాడుతున్నారు.

టికిమ్త్ 29

నేనూ కెదిజా గదులిచ్చే ఆఫీసుకి వెళ్ళాం. కొత్త మేడల్లో మెట్ల పక్కన కాపలావాడి కోసం కట్టిన చిన్న గదులున్నాయని విన్నాం. అందులో ఒకటి దెబ్రితుకి ఇవ్వండి, మాలో ఒకరికైనా అదే మేడలో ఇవ్వండి, మేం చూసుకుంటాం అని అడిగాం. బల్ల వెనకాలున్నతను మర్యాదగానే విన్నాడు. ఆఫీసు పెద్దమ్మగారు లేరు, రేపు రమ్మన్నాడు.

దెబ్రితుని నేనే ఉంచుకోవచ్చు కదా అని నాకూ అనిపించింది. అల్లుడితో అన్నాను. కాదనలేదు పాపం. గదిలో చాపలు పరిచే చోటుకేసి ఒకసారి చూశాడు, అంతే. నాకు వచ్చేది నాలుగో అంతస్తు కావచ్చునని కూడా అన్నాడు. అంత ఎత్తుకి ఆమెని ఎవరు మోస్తారు? అది నిజమే. నిజమని రాసుకుంటున్నాను.

హిదార్ 5

వెళ్ళాం. రేపు రమ్మన్నారు.

హిదార్ 6

వెళ్ళాం. రేపు.

హిదార్ 12

ఇవాళ చెత్త తగలబెట్టే రోజు. ఊరంతా పొగ. మా పాత చాపలూ విరిగిన స్టూళ్ళూ అన్నీ తగలబెట్టాం, మోసుకుపోయేవి తగ్గుతాయని. పొగకి దెబ్రితు దగ్గుతుంటే తలుపు మూసి పక్కన కూర్చున్నాను.

ఆమె హరెగ్ గురించి చెప్పింది. ఎప్పుడూ చెప్పేదే. హరెగ్ చెల్లెలు, తల్లి పోయాక ఈమే పెంచింది. అక్క వైద్యం కోసమని అరబ్బు దేశానికి ఇంటిపనికి వెళ్ళింది. మొదట్లో ప్రతి ఆదివారం ఫోను చేసేది. తర్వాత పండగలకి. తర్వాత ఆ ఫోను మోగడం మానేసింది, మానేసి చాలా ఏళ్ళయింది. "యజమానురాలు ఫోను లాక్కుని ఉంటుంది. అది మొండిది అక్కా, ఎలాగోలా వస్తుంది," అంటుంది దెబ్రితు. రోజూ తలలో నూనె పెట్టించుకుంటుంది. హరెగ్ తలుపు తీసేసరికి జుట్టు చిక్కుపడి ఉండకూడదట. తినేటప్పుడూ అంతే. ఇంకొక్క ముద్ద, హరెగ్ వచ్చేసరికి బలం ఉండాలి అంటే నోరు తెరుస్తుంది. ఆ మాట ఆమెకి మేం నేర్పామో, మాకు ఆమే నేర్పిందో ఇప్పుడు గుర్తులేదు.

ఆఫీసువాళ్ళు ఆమెని కళ్ళారా చూస్తే కాదనలేరు. తీసుకెళ్ళాలి. ఎలా?

హిదార్ 14

తీసుకెళ్ళాం, పాడె మీద.

ఇంకేం చేస్తాం? బండి మా సందులోకి రాదు. మంచం ఎత్తితే మలుపు తిరగదు. పేటలో మనిషిని పడుకోబెట్టి మోసేది ఒక్కటే ఉంది, మా చావుల సంఘం ఇద్దిర్ పాడె. చచ్చినవాళ్ళ కోసం మా సంఘానికి అన్నీ ఉన్నాయి. డేరా ఉంది, బల్లలున్నాయి, వెయ్యిమందికి వండే గుండిగలున్నాయి, పొద్దున్నే బూర ఊది చావు చాటడానికి దిన్కు అనే అతనున్నాడు. బతికున్నవాళ్ళ కోసం ఒక్క గరిటె లేదు. గిడ్డంగి తాళం నా దగ్గరే ఉంటుంది, వంటల పెత్తనం నాది కాబట్టి. ఎవరినీ అడగలేదు.

నలుగురు ఆడవాళ్ళం భుజాలకెత్తుకున్నాం. రోడ్డెక్కగానే టాక్సీలు ఆగాయి. మగవాళ్ళు టోపీలు తీశారు. ఒకావిడ ఏడుపందుకుంది. దెబ్రితు తలెత్తి ఆవిడకి చెయ్యి ఊపింది. ఆవిడ చేతిలో టమాటాలు ఎగిరిపడ్డాయి. మేం నవ్వలేక నవ్వలేక పాడె దించి రోడ్డు పక్కన కూర్చున్నాం. దెబ్రితు అంతలా నవ్వడం పడ్డాక ఇదే మొదటిసారి.

ఆఫీసు వరండాలో దించాం. పెద్దమ్మగారు బయటికొచ్చింది. ఉంది, అంటే ఇన్నాళ్ళూ లోపలే ఉంది. దెబ్రితుని చూసి వంగి చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెడ్డది కాదు. పైవాళ్ళకి రాస్తాను, జవాబు రావడానికి కాస్త పడుతుంది అంది. యంత్రాలు ఈలోగా వస్తే? అది రోడ్డువాళ్ళ చేతిలో ఉంది, నా చేతిలో లేదు అంది. ఎవరి చేతిలో ఏది ఉందో ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు.

హిదార్ 15

ఉపవాసాలు మొదలు. ఇక పండగ దాకా పప్పుపిండి కూరా ఇంజెరా రొట్టే.

ఇద్దిర్ పెద్ద గాషె మెర్షా పిలిపించాడు. ఆయన అరవడు, అదే భయం. బతికున్న మనిషిని పాడె ఎక్కిస్తే ఆ పాడె ఊరుకోదు అన్నాడు. మరి బతికున్నప్పుడు ఎక్కించడానికి ఇంకేదైనా కొనండి గాషె, అన్నాను. చావు దగ్గర మనందరం ఒక్కటిగా నిలబడటానికే ఈ సంఘం పెట్టుకున్నాం, బతుకులోకి దిగితే ఎవరి బతుకు ముందు అని కొట్టుకుచస్తాం అన్నాడు. తాళం ఇచ్చేయమంటాడనుకున్నాను. అనలేదు.

హిదార్ 24

గురువారం యంత్రాలు వస్తాయని కాగితం అంటించారు. పెద్దమ్మగారికి పైనుంచి జవాబు రాలేదు. మూడు నాలుగు రోజులు ఆగితే వస్తుందట.

దెబ్రితుని ఆ మూడు నాలుగు రోజులు ఎక్కడ పెట్టాలి? ఒకసారి గదిలోంచి బయటికొస్తే ఆమె సంగతి ముగిసినట్టే. ఇల్లు ఉన్నంతసేపే అడిగేవాళ్ళకి నోరు. నేలమట్టమయ్యాక ఎక్కడి మనిషివి అంటారు.

నేనూ కెదిజా కాఫీ కాచుకుంటూ కూర్చున్నాం. చావు డేరా నిలబడ్డ గుమ్మం జోలికి ఎవరూ రారు అనుకున్నాం. సైన్యం రాదు, పోలీసు రాడు, అప్పులవాడు కూడా గుగ్గిళ్ళు తిని దండం పెట్టి పోతాడు. మూడు రోజులు నిలుస్తుంది. దెబ్రితు గుమ్మంలో డేరా పడాలంటే దెబ్రితు మనిషి ఎవరైనా పోవాలి. దూరాన పోయినవాళ్ళకైతే శవం అక్కర్లేదు, కబురొస్తే చాలు. ఆమెకి ఉన్నదే ఒక్కరు.

ఎవరో హరెగ్ పేరు అన్నారు.

కెదిజా కాఫీ గిన్నె కింద పెట్టేసింది. దెబ్రితుకి ముందే చెప్పేద్దాం, నవ్వుతుంది, పాడె మీద నవ్వలేదా అంది. అవును, నవ్వుతుంది. ఇంకెవరికీ చెప్పకూడదనుకున్నాం. గాషెకి తెలిస్తే డేరా ఇవ్వడు, సందులో ఒకళ్ళకి తెలిస్తే ఆఫీసుకి తెలుస్తుంది. చెప్పే పని నేను తీసుకున్నాను.

హిదార్ 26

సాయంత్రం చెప్పడానికే వెళ్ళాను.

నూనె పెట్టాను. జడ అల్లాను. కొత్త గది మెట్ల పక్కనే కదా, హరెగ్ పైకెక్కక్కర్లేకుండా నేరుగా లోపలికి వచ్చేస్తుంది అంది. చిరునామా ఎవరైనా చెప్పాలి దానికి, పాత సందుకి వచ్చి వెతుక్కుంటుంది, కెదిజాతో చెప్పించు అంది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. పొద్దున్నే చెబుదాం. తెల్లవారకముందు వెళ్ళి, పక్కన కూర్చుని, చెవిలో చెబుతాను. ఒక్క నిమిషం పని.

గాషెతో మాత్రం చెప్పేశాను. అరబ్బు దేశం నుంచి ఫోను వచ్చిందన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, గిడ్డంగిలోంచి డేరా తియ్యి అన్నాడు. బూర ఊదే దిన్కుతో, నేను దెబ్రితు గదిలోంచి బయటికొచ్చి తల ఊపేదాకా ఊదొద్దని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. అయినవాళ్ళకి చెప్పాకే కదా ఊదేది.

హిదార్ 27

దిన్కుది తప్పేమీ లేదు. తెల్లవారుతుండగా రోడ్డు మీద యంత్రాల లారీ కనిపించిందట. కంగారుపడి ఊదేశాడు. అప్పటికి నేను పైబట్ట కప్పుకుంటున్నాను.

బూర రెండుసార్లు మోగింది. తర్వాత అతని గొంతు. ఆ గొంతుకి సందులో ఏ తలుపూ అడ్డం కాదు. "దెబ్రితు చెల్లెలు హరెగ్ పరదేశంలో కన్నుమూసింది, సంఘంవాళ్ళందరూ రండి."

నేను పరిగెత్తాను. చెప్పులు కూడా లేవు. దెబ్రితు మంచం మీద మోచేతులు ఆనించి లేవబోతోంది. ఏళ్ళుగా లేవని మనిషి, ఇప్పుడు లేస్తుందా! పట్టుకున్నాను. చెవిలో చెప్పాను, "అబద్ధం తల్లీ, అబద్ధం. ఇల్లు కూల్చకుండా మేం ఆడుతున్న నాటకం. హరెగ్‌కి ఏమీ కాలేదు." ఇంకోసారి చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో. ఆమె నన్ను చూసింది.

"కెదిజా తమ్ముడు పోయినప్పుడు మనమేం చెప్పాం అక్కా?" అంది.

నెలరోజులు దాచాం. బాగున్నాడు, ఫోను పాడైంది, జీతం పంపుతాడు అని. దెబ్రితు కూడా చెప్పింది ఈ మంచం మీద నుంచే. ఏదో ఒక రోజు తెల్లవారుజామున అందరం కలిసి వెళ్ళి నిజం చెప్పాం. మేం ఎప్పుడూ చేసేది అదే. కబురు దాచడం మాకు ప్రేమ.

ఈలోగా ఆడవాళ్ళు వచ్చేశారు, రొమ్ములు బాదుకుంటూ, పైబట్ట అంచు మొహానికి తిప్పుకుని. వాళ్ళకి నాటకమని తెలీదు. తెలిసినా ఏడ్చేవాళ్ళేనేమో. ఈ పేటలో అరబ్బు దేశానికి ఆడపిల్లని పంపని ఇల్లేది? ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చారు, పేరు మాత్రం హరెగ్‌ది. ఇంతమంది కళ్ళలో నీళ్ళు చూశాక నా మాట ఎవరు నమ్ముతారు?

యంత్రాలు సందు మొదట్లో ఆగిపోయాయి. వాటిని నడిపేవాళ్ళు దిగి, టోపీలు తీసి, డేరాలో కూర్చుని గుగ్గిళ్ళు తిన్నారు. అనుకున్నట్టే జరిగింది.

హిదార్ 28

డేరా నిండా జనం. దెబ్రితు మంచాన పడ్డాక ఒక్కసారీ గుమ్మం తొక్కనివాళ్ళు కూడా వచ్చారు. బెంచీలు చాలక రాళ్ళ మీద కూర్చున్నారు. గుండిగలో గోధుమలూ శనగలూ ఉడుకుతూనే ఉన్నాయి, కలుపుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మళ్ళీ చెప్పాను. ఆమె నా చెయ్యి నిమిరింది. నన్ను ఓదారుస్తోంది.

కెదిజా మాట్లాడటం లేదు. కెదిజా!

హిదార్ 29

ఆఫీసు పెద్దమ్మగారు డేరాకి వచ్చింది. నల్లబట్టల్లో వచ్చి నేల మీద కూర్చుంది. ఆవిడ చెల్లెలు కూడా అక్కడే ఎక్కడో పనిచేస్తోందట. ఏడ్చింది. గుగ్గిళ్ళు నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. వెళ్తూ నన్ను పక్కకి పిలిచి, ఉన్న ఒక్క దిక్కూ పోయిన మనిషిని ఇంకా ఆగమని నేననలేను అంది. పైవాళ్ళ జవాబు కోసం చూడకుండా తనే సంతకం పెడతానంది. మెట్ల పక్క గది దెబ్రితుకి, అదే మేడలో మాకూ ఒక గది.

గెలిచాం.

అప్పుడే అక్కడే నిజం చెప్పి ఉండొచ్చు. డేరా నిండా మనుషులు. చెబితే గది పోతుంది. చెప్పకపోతే? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. గిన్నెలు కడిగాను.

తహ్సాస్ 4

వచ్చేశాం. కెదిజా వాళ్ళకి ఊరికి అవతలి కొసన పడింది. లారీ ఎక్కేముందు దెబ్రితు దగ్గరికి వెళ్ళి మంచం కోడు పట్టుకుని నిలబడింది. నీలం తలుపు విప్పించి లారీలో వేయించుకుంది. కొత్త గదికి తలుపు ఉంది కదా అంటే, ఉండనీ అంది.

దెబ్రితు గది బాగుంది. కిటికీ ఉంది. నీళ్ళు దగ్గరే. మెట్లు దిగితే చాలు, నేను వచ్చేస్తాను. మేం ఏం కోరుకున్నామో అదంతా ఉంది.

తహ్సాస్ 9

తినడం లేదు. ఒక ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకుంటుంది, తర్వాత చూస్తే దిండు మీద ఉంటుంది. హరెగ్ వచ్చేసరికి బలం ఉండాలి అనబోయి నాలుక కరుచుకున్నాను. ఇంకేం చెప్పి తినిపించాలో తెలీదు. ఇన్నేళ్ళూ తినిపించింది నేను కాదు, హరెగ్.

నూనె వద్దంది.

తహ్సాస్ 11

వీపు మీద పుండు. నిన్న లేదు.

తహ్సాస్ 17

హరెగ్‌ని వెతుకుతున్నాను. ముందే చెయ్యాల్సిన పని. చేతులు కాలాక ఆకులు.

పాత నంబరుకి చేశాను. ఏదో భాషలో ఎవరో చెప్పి పెట్టేశారు. పంపించిన దళారి కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. విమానాశ్రయం బయట తిరిగొచ్చే ఆడపిల్లలు దిగుతుంటే అడిగాను. ఒకమ్మాయి చేతి మీద కాలిన మచ్చలున్నాయి, కళ్ళు ఎటో చూస్తున్నాయి. హరెగ్ అన్నాను. "అక్కడ మాకు ఆ పేర్లు ఉండవమ్మా, వాళ్ళు పెట్టిన పేర్లతో పిలుస్తారు," అంది. ఏ పేరు పెట్టి ఉంటారో ఎవరినడగాలి?

బతికుందని రుజువు తేలేను. పోయిందనీ తేలేను. ఇంతకాలం నేను కూడా బతికే ఉందనుకున్నానా? దెబ్రితు అనుకుంటే నేనూ అనుకున్నాను. ఆ రోజు కాఫీ దగ్గర ఆ పేరు నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చింది?

కెదిజా అని ఉంటుంది. ఇద్దరం అన్నాం.

తహ్సాస్ 20

గాషె మెర్షా ఇంటికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఫోను రాలేదు, ఎవరూ పోలేదు, మిమ్మల్నీ పేటనీ మోసం చేశాను అన్నాను. తిడతాడని వెళ్ళాను, తిడితే బాగుండేది.

"నాకు తెలుసు," అన్నాడు. "కబురు చెప్పడానికొచ్చినప్పుడు నీ పైబట్ట అంచు తిప్పుకోలేదు నువ్వు. నిజంగా చావు వింటే ఆడది మొదట చేసే పని అది. చూశాను. చూసే డేరా ఇచ్చాను."

పాడె గురించి నన్ను మందలించిన మనిషి ఈయనే. వచ్చి చెప్పండి గాషె, మీ మాటైతే నమ్ముతుంది అని కాళ్ళు పట్టుకున్నాను. మోకాళ్ళ నొప్పితో రెండు బస్సులు మారి వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అమ్మాయీ, నీ చెల్లెలు పోలేదు, అది మేం చేసిన తప్పు, సంఘం తరఫున నేను చెబుతున్నాను అన్నాడు. నేను దెబ్రితు మొహమే చూస్తున్నాను.

దెబ్రితు ఆయన చెయ్యి తీసుకుని ముద్దుపెట్టుకుంది. "నా కోసం మీ వయసులో ఎందుకు గాషె ఈ అబద్ధాలు. ఆత్మకి మంచిది కాదు," అంది.

బస్సు దాకా దిగబెట్టాను. చాలా మెల్లిగా నడిచాడు. పేటంతా కలిసి ఏడ్చిన చావుని ఇద్దరం కలిసి కాదనలేమమ్మా అన్నాడు.

తహ్సాస్ 22

కెదిజా వచ్చింది, బొట్టెడు తేనె పట్టుకుని. పుండు కడిగాం. తేనె రాశాం. తగ్గినట్టు లేదు. పప్పుపిండి కూర మజ్జిగలా పల్చగా చేసి తాగించబోతే పెదవులు బిగించుకుంది.

బయట మెట్ల మీద కూర్చున్నప్పుడు కెదిజా అంది, ఇలాగే ఉంటే పండగ దాటదు అని. మా తమ్ముడి విషయం చెప్పాక నేను మళ్ళీ ఎందుకు తినగలిగానో తెలుసా, అంది. ఎలా పోయాడో మీరు కూర్చోబెట్టి చెప్పారు. జ్వరంలో పక్కన ఎవరున్నారు, ఎవరు పూడ్చారు, అంతా. అంతవరకూ వాడు ఎక్కడో ఎండలో పడి ఉన్నట్టే ఉండేది నాకు. దెబ్రితుకి అది ఎవరూ చెప్పలేదు కదా.

నేను లేచి వెళ్ళిపోయాను.

తహ్సాస్ 23

ఇవాళ పొద్దున కడుగుతుంటే దెబ్రితు అడిగింది. చాలా రోజుల తర్వాత మాట్లాడింది, గొంతు గాలిలా ఉంది.

"ఫోను నీకే కదా వచ్చింది. చెప్పక్కా. ఒక్కతే పోయిందా?"

గుడ్డ నీళ్ళలో ముంచాను. పిండాను. మళ్ళీ ముంచాను. అబద్ధం అనడానికి నోరు తెరిచాను. ఆమె కళ్ళు మూసుకుంది, ఇంకోసారి ఆ మాట వినలేనన్నట్టు. ఆ మూసుకున్న రెప్పలు చూసి నాకు ధైర్యం చచ్చిపోయింది.

లేదు, ఒక్కతే కాదు అన్నాను.

జ్వరం వచ్చింది అన్నాను. ఎవరూ కొట్టలేదు, పైనుంచి పడలేదు. ఇంటావిడ మంచిదే, ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పక్క మంచం మీద మన దేశం అమ్మాయి ఉంది, దెస్సీ వైపు పిల్ల. తల ఒళ్ళో పెట్టుకుంది. అంతా ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలీదు. వస్తూనే ఉంది.

నీళ్ళు అడిగిందా? అడిగింది, ఇచ్చారు. నా పేరు అందా? అంది, నీ పేరే అంది. నొప్పి? లేదు, నిద్రపోయినట్టే. ఎవరు మోశారు? మనవాళ్ళే, అక్కడ పనిచేసే పిల్లలందరూ ఆదివారం సెలవు పెట్టుకుని వచ్చారు. డేరా వేశారా? వేశారు. వేశారు తల్లీ, పెద్దదే వేశారు.

ఆమె ఏడ్చింది. బూర ఊదిన రోజు కూడా ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను కూడా ఏడ్చాను, ఆమె కంటే ఎక్కువగా. నేను చెప్పిందాన్ని నేనే చూశాను. ఆ మంచం, ఆ ఒడి, అంతా. ఏడుస్తూనే పైబట్ట అంచు మొహానికి తిప్పుకున్నాను. ఎప్పుడు తిప్పుకున్నానో తెలీదు.

తర్వాత తింది. ఇంజెరా సగం, పప్పుపిండి కూరలో తడిపి. నీళ్ళు తాగింది. ఎడమ పక్కకి తిప్పాను.

చర్చిలో చనిపోయినవాళ్ళ ప్రార్థనకి హరెగ్ పేరు ఇచ్చి రమ్మంది. దానికి ఈ పేరు పనికిరాదు, జ్ఞానస్నానం పేరు కావాలి. వెలెత్తె మర్యం అని చెప్పింది. ఇన్నేళ్ళు పక్కింట్లో ఉండి ఆ పేరు నేనెప్పుడూ అడగలేదు. కాఫీ గిన్నె ముందు కూర్చుని దాన్ని చంపిన రోజు కూడా అడగలేదు.

మర్చిపోకుండా రేపే ఇవ్వమంది. ఇస్తానన్నాను.